సగమే తెలిసిన పొరుగు
‘అజమీ’ సినిమా, జాఫా పేట: స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆ మాస్టారిని మీలో చాలామంది ఎరుగుదురు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక ఎవరైనా లేచి, “చివరికి మనుషులంతా ఒక్కటేనని ఈ సినిమా చెబుతోంది” అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. “అది సినిమాకి రాకముందే నీకు తెలుసు కదా. చూశాక తెలిసిందేదో చెప్పు” అని కూర్చోబెట్టేవారు. ఆ కట్టుబాటుకు నిలబడగల సినిమా ఏదా అని వెతుక్కుని, ఇవాళ ఒక యూదుడూ ఒక అరబ్బూ కలిసి తీసిన ‘అజమీ’ గురించి మాట్లాడదామని వచ్చాను.

యూదులూ అరబ్బులూ ఒకచోట బతకడం మీద సినిమాలు కొత్త కాదు. ఉరి బార్బాష్ 1984లో తీసిన ‘బియాండ్ ది వాల్స్’లో జైలుగోడల మధ్య యూదు ఖైదీలూ అరబ్బు ఖైదీలూ ఒకటవుతారు. ఎరాన్ రిక్లిస్ 2008లో తీసిన ‘లెమన్ ట్రీ’లో నిమ్మతోటకు అటు ఒక పాలస్తీనా స్త్రీ, ఇటు ఒక మంత్రిగారి భార్య. నాకు రెండూ ఇష్టమే. కానీ అవి చూస్తున్నంతసేపూ ఒక త్రాసు కనబడుతూ ఉంటుంది. అటొక మంచివాడు, ఇటొక మంచివాడు, అటొక కన్నీటిచుక్క, ఇటొక కన్నీటిచుక్క. బరువులు సరిపోయాక సినిమా అయిపోతుంది, మనం తేలికపడి ఇంటికెళతాం. ‘అజమీ’ చూసినవాళ్లు తేలికపడి వెళ్లడం నేనింతవరకూ చూడలేదు.

ముందు పేట సంగతి చెప్పాలి. అది తెలియకపోతే సినిమాలోని సగం కోపాలు ఎక్కణ్నుంచి వచ్చాయో అంతుబట్టదు.

టెల్ అవీవ్‌కు దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున, జాఫా పాతపట్నాన్ని ఆనుకుని ఉన్న పేట అజమీ. జాఫా ఒకప్పుడు గొప్ప రేవుపట్నం. నారింజలు ఓడలకెక్కి యూరప్‌కు వెళ్లేవి. అరబ్బులు ఆ ఊరిని సముద్రపు పెళ్లికూతురు అని ముద్దుగా పిలుచుకునేవారు. పాలస్తీనా పత్రికల్లో పేరుమోసిన ‘ఫలస్తీన్’ 1911లో ఇక్కడే మొదలైంది. 1937లో కట్టిన అల్‌హంబ్రా సినిమా హాలు ఊరికి షోకు. 1947లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా విభజన ప్రణాళిక గీసినప్పుడు, చుట్టూ యూదు రాజ్యం ఉన్నా జాఫాను మాత్రం అరబ్బు రాజ్యానికే ఉంచింది.

ఆ గీత కాగితం మీదే ఉండిపోయింది. 1948 ఏప్రిల్ చివర్లో ఇర్గున్ అనే యూదు సాయుధ దళాలు జాఫా మీద దాడి చేశాయి. మే 13న పట్నం లొంగిపోయింది. మర్నాడే ఇజ్రాయెల్ రాజ్య ప్రకటన. అంతకుముందు అరవై వేలకు పైగా ఉన్న అరబ్బుల్లో మిగిలింది సుమారు 4 వేల మంది. తక్కినవాళ్లు పడవలెక్కి గాజాకో లెబనాన్‌కో, రోడ్డున పడి ఇంకెటో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లను తెచ్చి అజమీ పేటలో పెట్టి, చుట్టూ ముళ్లకంచె వేసి, 1949 దాకా సైనిక పాలనలో ఉంచారు. 1950లో జాఫాను టెల్ అవీవ్‌లో కలిపేశారు. అదే ఏడు వచ్చిన ‘గైర్హాజరీదారుల ఆస్తి’ చట్టం కింద, వెళ్లిపోయినవాళ్ల ఇళ్లూ దుకాణాలూ తోటలూ ప్రభుత్వ ధర్మకర్త చేతికి పోయాయి. ఆ ఇళ్లలోకి ఎవర్ని పంపాలి? బల్గేరియా నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి అప్పుడప్పుడే ఓడలు దిగుతున్న యూదు కుటుంబాలకు తలదాచుకోను చోటు కావాలి. యూరప్‌లో హిట్లర్ చేసినది తప్పించుకుని వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇళ్లు చాలలేదు. దాంతో కొన్నిచోట్ల ఒకే ఇంట్లో ఒక గదిలో అరబ్బు కుటుంబాన్ని, పక్క గదిలో యూదు కుటుంబాన్ని సర్దారు. వంటిల్లు ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి.

ఈ ఒక్క సంగతి దగ్గర నేను కాస్త ఆగుతాను. యూదులూ అరబ్బులూ ఒకే సమాజంగా బతికారు అని మనం అంటాం కదా, జాఫాలో ఆ కాపురం ఇలా మొదలైంది. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్లని కోరుకుని పొయ్యి పంచుకోలేదు. ఒకడిది పోగొట్టుకున్న ఊరు, ఒకడిది పోగొట్టుకున్న ఖండం. గదులు పంచింది గుమస్తా. అయినా ఆ వంటిళ్లలో స్నేహాలు పుట్టాయనీ, పిల్లలు రెండు భాషలూ పట్టేశారనీ జాఫా ముసలివాళ్లు చెప్పుకున్న జ్ఞాపకాలున్నాయి. పోట్లాటలూ పుట్టాయి. రెండూ నిజమే కావచ్చు.

తర్వాత యూదు కుటుంబాల్లో చాలామంది కొత్త కాలనీలకు తరలిపోయారు. అజమీ పాడుబడింది. అరవైల నుంచి ఎనభైల దాకా పేటలో ఇళ్లు కూల్చడమే గానీ కట్టడం లేదు. కూల్చిన రాళ్లూ ఊరి చెత్తా అజమీ సముద్రపు ఒడ్డునే గుట్టగా పోశారు. ఇప్పుడది పార్కు. తొంభైల తర్వాత అదే సముద్రం ధనికుల కంట్లో పడింది. పాత కమాను కిటికీల ఇళ్లకు కోట్ల ధర పలికింది, గేట్లు బిగించిన అపార్టుమెంట్లు లేచాయి. ధర్మకర్త దగ్గర్నుంచి ఇళ్లు చేతబట్టిన ప్రభుత్వ గృహసంస్థకు అద్దెదారులుగా ఉన్న అరబ్బు కుటుంబాలకు ఖాళీ చెయ్యమన్న నోటీసులు వచ్చాయి. వాళ్లలో కొందరు తమ తాతల ఇంట్లోనే అద్దెకున్నవాళ్లు.

ఇక సినిమా.

స్కందర్ కోప్తి జాఫాలో పుట్టి పెరిగిన అరబ్బు. హైఫాలోని టెక్నియాన్‌లో మెకానికల్ ఇంజినీరింగు చదివి సినిమాల్లోకి వచ్చాడు. యారోన్ షానీ యూదుడు, సినిమా చదువు చదివినవాడు. ఒక విద్యార్థి చలనచిత్రోత్సవం పుణ్యమా అని ఇద్దరికీ పరిచయమైంది. కథ రాయడం, దర్శకత్వం, ఎడిటింగు అన్నీ ఇద్దరూ కలిసే చేశారు. దాదాపు ఏడేళ్లు పట్టింది. 2009లో విడుదలైంది.

కథ ఐదు భాగాలు. మొదటి భాగంలో ఒక కుర్రాడు ఇంటి ముందు కారు బాగుచేసుకుంటూ తుపాకి గుళ్లకు చచ్చిపోతాడు. చంపినవాళ్లు చంపాలనుకున్నది వాణ్ణి కాదు, పక్కింటి ఒమర్‌ని. ఒమర్ చేసిన తప్పూ లేదు. వాళ్ల పెదనాన్నో చిన్నాన్నో తన కాఫీ హోటలుకు మామూళ్లు అడగడానికి వచ్చిన బెదూయిన్ (ఎడారి అరబ్బు తెగ) ముఠావాణ్ణి కాల్చాడు, ఆ పగ ఇటు తిరిగింది. ఈ సంగతంతా ఒమర్ తమ్ముడు, పదమూడేళ్ల నస్రీ మనకు చెబుతుంటాడు. వాడు బొమ్మలు గీస్తాడు. జరగబోయేది తనకు ముందే తెలుస్తుందనుకుంటాడు.

పగ ఆపడానికి అబూ ఎలియాస్ అనే రెస్టారెంటు యజమాని మధ్యవర్తిగా నిలుస్తాడు. పంచాయితీ జరుగుతుంది. ఆ ఘట్టాన్ని ప్రపంచ సినిమాలో గొప్ప బేరాల దృశ్యాల సరసన నిస్సంకోచంగా నిలబెడతాను. బెదూయిన్ న్యాయాధికారి ముందు ఇరుపక్షాలూ నేలమీద కూర్చుంటాయి. ఒక భారీ మొత్తం పలుకుతుంది. దేవుడి పేరు మీద కొంత తగ్గించండి, వచ్చిన పెద్దల ముఖం చూసి ఇంకొంత తగ్గించండి అంటూ మొత్తం మెట్టు మెట్టుగా దిగుతుంది. చుట్టూ మర్యాద, మెత్తని మాట, దైవనామం. మధ్యలో ఒక కుర్రవాడి ప్రాణం ఖరీదు. పోలీసుల ప్రస్తావన ఎవరూ తేరు. ఆ రాజ్యంలో పౌరులైన మనుషులు ఆ రాజ్యపు న్యాయస్థానం ఉనికినే లెక్కలోకి తీసుకోకుండా అంతసేపు మాట్లాడుకోగలిగారంటే, ఆ ఊళ్లో అరబ్బుకూ పోలీసుకూ మధ్య ఏముందో దర్శకులు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఒమర్ ఆ డబ్బు తేలేడు. పైగా ఒమర్ ముస్లిం, అతను ప్రేమించిన హదీర్ క్రైస్తవుల పిల్ల, అబూ ఎలియాస్ కూతురు. ప్రాణం కాపాడిన పెద్దమనిషే ఈ సంగతి తెలియగానే శత్రువవుతాడు. అదే రెస్టారెంటులో వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లూస్ నుంచి వచ్చిన పదహారేళ్ల మాలిక్ పర్మిట్ లేకుండా దాక్కుని పనిచేస్తుంటాడు. వాళ్లమ్మకు ఎముక మజ్జ మార్పిడి చెయ్యాలి, డబ్బు కావాలి. పోలీసు వాహనం చప్పుడైతే గోడ దూకాలి. గల్ఫ్‌లో కల్లివెల్లిగా, అంటే చెల్లే కాగితాలు లేకుండా, బతికి వచ్చినవాళ్లు ఉన్న నిజామాబాద్, జగిత్యాల ఇళ్లలో ఈ కుర్రాడి కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మనకూ ఆ దేశానికీ అంతకన్నా దగ్గరి లంకె ఒకటి ఈమధ్య పడింది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక వెస్ట్ బ్యాంక్ కూలీల పర్మిట్లు ఆపేసిన ఇజ్రాయెల్, వాళ్ల చోట్లో పనికి భారతదేశం నుంచి నిర్మాణ కూలీలను పిలిచింది. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. వృద్ధులకు సేవచేసే పనుల్లో మన తెలంగాణ జనం అంతకుముందునుంచే అక్కడున్నారు. మాలిక్ ఖాళీ చేసిన చోట ఇప్పుడు నిలబడి ఉన్నవాడు మన ఊరివాడు కావచ్చు.

తర్వాతి భాగాల్లో ఇంకో ఇద్దరు వస్తారు. బింజ్ అనే వంటవాడు, ఈ పాత్ర కోప్తి స్వయంగా వేశాడు. బింజ్‌కు యూదు స్నేహితురాలు ఉంది, ఆమెతో టెల్ అవీవ్‌లో కాపురం పెట్టాలని ఉంది. నడిచి వెళ్లగలిగినంత దూరం. ఆ మాట చెప్పగానే స్నేహితులు పరాయివాణ్ణి చూసినట్టు చూస్తారు. మమ్మల్ని వదిలిపోతున్నావా అంటారు. ఆ సంభాషణలో విలన్ లేడు. ప్రతివాడూ తనకు తోచిన న్యాయమే మాట్లాడతాడు. రెండోవాడు దాందో అనే యూదు పోలీసు. అతని తమ్ముడు సైన్యంలో ఉండి కనిపించకుండా పోయాడు. తల్లిదండ్రులు ఎదురుచూపుల్లో కృశించిపోతున్నారు. దాందో మంచి తండ్రి, మంచి కొడుకు. డ్యూటీ మీద అజమీలోకి అడుగుపెడితే మాత్రం పూర్తిగా ఇంకో మనిషి.

పేటలో ఒక ముసలి యూదుడు చనిపోవడం కూడా సినిమాలో ఉంది. పక్కింటి అరబ్బు కుర్రాళ్ల గొర్రెలు రాత్రంతా అరుస్తున్నాయని అడగబోయాడు. మాటా మాటా పెరిగింది, కత్తి దిగింది. మర్నాడు వార్తాపత్రికలు ఆ చావును ఏ ఖాతాలో వేస్తాయో ఊహించుకోవచ్చు. సినిమా దాన్ని గొర్రెల ఖాతాలోనే ఉంచుతుంది. ఇది దర్శకుల ధైర్యమనే అంటాను.

ఐదు భాగాలూ వరుసగా నడవవు. కాలం వెనక్కీ ముందుకీ పోతుంది. రెండో భాగం చివర ఒక గ్యారేజీలో తుపాకి పేలుతుంది. ఎవరు ఎవర్ని కాల్చారో మనకు తెలిసిపోయిందనుకుంటాం. రెండు భాగాల తర్వాత అదే గ్యారేజీకి వేరే తలుపులోంచి తీసుకెళతారు. మాదకద్రవ్యాల వ్యాపారులనుకున్నవాళ్లు మారువేషంలో ఉన్న పోలీసులు. పొట్లాంలో ఉన్నది మత్తుమందు కానే కాదు. పోలీసులకు కబురు పెట్టింది మనం నమ్మిన మనిషి. మాలిక్ చేతిలోని జేబు గడియారం చూసి దాందో తన తమ్ముడిదే అనుకుంటాడు. అక్కడ ఉన్న ప్రతి మనిషికీ జరుగుతున్నదానిలో ఒక ముక్కే తెలుసు. ఆ ముక్కనే మొత్తమనుకుని తుపాకి ఎత్తుతాడు.

ఇలాంటి కథనం అప్పటికే పాతబడింది. మెక్సికో నుంచి హాలీవుడ్ దాకా ముక్కలు చేసి అతికిన కథలు ఆ దశాబ్దంలో కుప్పలు. వాటిలో చాలావాటికి ఆ ముక్కలు వట్టి గారడీ. ‘అజమీ’లో మాత్రం ఆ పద్ధతి కథకే అవసరం. కోప్తి, షానీలు మనల్ని మోసం చెయ్యడం కోసం వరుస మార్చలేదు. ఆ పేటలో మనుషులు పక్కవాడి గురించి తీర్పులు ఎలా చెబుతారో మనచేతా అలాగే చెప్పించారు. ఒమర్ వైపు నుంచి చూసినంతసేపూ దాందో యముడు. దాందో వాళ్లింట్లో అన్నం తిని వచ్చాక అదే తుపాకిని మనం వేరేగా చూస్తాం. దానివల్ల చచ్చినవాడు బతకడు. తుపాకి పట్టినవాడి దుఃఖం తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పు కాదని ఈ సినిమా ఎక్కడా మరిచిపోదు.

ఇంకో సంగతి. దీన్ని అందరూ యూదు అరబ్బు సినిమా అంటారు గానీ, రెండు గంటల్లో పడే దెబ్బల్లో ఎక్కువ పాలు అరబ్బుకూ అరబ్బుకూ మధ్యవే. ముస్లిమూ క్రైస్తవుడూ, పట్నంవాడూ బెదూయినూ, ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్నవాడూ పర్మిట్ కూడా లేనివాడూ. బయటివాళ్లకు అదంతా ఒకే రంగు. లోపలికెళితే ఎన్ని గోడలో. ఒకే కొలబద్దతో కొలవలేని ఆ లోపలి తేడాలను, అరబ్బులను చెడ్డగా చూపించారన్న నింద వస్తుందని తెలిసీ, దాచకుండా పెట్టారు. ఆ నింద వచ్చింది కూడా. నేరం తప్ప మా పేటలో ఇంకేమీ లేదా అని జాఫావాళ్లు అడిగితే తప్పు పట్టలేం.

ఇక ఈ సినిమా తీసిన పద్ధతి. నా మట్టుకు నేను ఇవాళ్టి సభకు ప్రధానంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఇందులో దాదాపు అందరూ నటన తెలియని మనుషులు. జాఫా వాసులు, చుట్టుపక్కల జనం. దాందో వేసిన ఎరాన్ నయీమ్ నిజంగా పోలీసు ఉద్యోగం చేసినవాడే. ఇలాంటివాళ్లతో సుమారు పది నెలలు వర్క్‌షాపులు నడిపారు. అక్కడ వాళ్లకు డైలాగులు నేర్పలేదు. నువ్వు ఈ ఇంటి కొడుకువి, వీళ్లు నీ తల్లిదండ్రులు, నీ తమ్ముడు తప్పిపోయాడు అని చెప్పి ఆ బతుకును నెలల తరబడి బతికించారు. దర్శకుల దగ్గర వివరమైన స్క్రిప్టు ఉంది. నటులెవరికీ అది చూపించలేదు. షూటింగు 23 రోజులు, రెండు కెమెరాలతో, కథ జరిగిన వరుసలోనే. రేపు ఏం జరగబోతోందో నటుడికి తెలియదు. తలుపు తోసుకుని ఎవరొస్తారో తెలియదు. పోలీసులు ఇల్లు సోదా చేసే దృశ్యంలో అరుపులూ తోపులాటా ఎవరూ రాసిపెట్టినవి కావు. ఒక పక్క పోలీసుగా బతికిన మనిషి, ఇంకో పక్క పోలీసుల్ని చూస్తూ పెరిగిన కుర్రాళ్లు. కెమెరా వాళ్ల మధ్య చోటు వెతుక్కుంటుంది. అలా పోగైన సుమారు 80 గంటల ఫిల్మును కోసి రెండు గంటలు చెయ్యడానికి ఏడాదికి పైగా కూర్చున్నారు.

దీన్ని మనవాళ్లు సహజ నటన అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఇందులో కనబడేది వేరు. ఆ ఊళ్లో యూదు దర్శకుడొక్కడే ఈ కథ తీసి ఉంటే, పంచాయితీ దృశ్యం వింత ఆచారంగా మిగిలేది. అరబ్బు దర్శకుడొక్కడే తీసి ఉంటే, దాందో ఇంటి భోజనబల్ల దగ్గరికి కెమెరా వెళ్లేది కాదేమో. ఇద్దరూ కలిసి కూర్చున్నప్పుడు కూడా తమకు తెలియని భాగాన్ని ఊహించి రాయకుండా, తెలిసినవాళ్ల నోటికి వదిలిపెట్టారు. పేట బతుకు మీద అధికారం పేటవాళ్లకే ఇచ్చారు. ఆ వినయం నటనకన్నా అరుదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెబుతాను. జాఫా కుర్రాళ్లు అరబిక్‌లో మొదలుపెట్టి మధ్యలో హీబ్రూలోకి జారి మళ్లీ అరబిక్‌లోకి వస్తుంటారు. పోలీసు ఎదురుపడగానే భాష మారుతుంది, గొంతు మారుతుంది. మాలిక్ నోరు విప్పడమే ప్రమాదం, పలుకుబడి పట్టిస్తుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసే మనకు ఈ రాకపోకలు వినబడవు. తెల్లటి అక్షరాలు అన్నింటినీ చదును చేసేస్తాయి.

ఈ సినిమాకు నా ఫిర్యాదు ఒకటుంది. ఇందాక మీకు చెప్పిన వంటిళ్ల కథ, గైర్హాజరీ చట్టం, ఖాళీ నోటీసులు ఇవేవీ ఇందులో లేవు. పేట పేరే సినిమా పేరు. పేట ఎలా అయిందో మాత్రం చెప్పలేదు. తుపాకులున్నాయి, ఇంటి దస్తావేజులు లేవు. చూసినవాడు అజమీ అంటే పుట్టుకతోనే రౌడీల పేట అనుకుని వెళ్లిపోయే అవకాశం ఉంది. ఆ లోటు పూడ్చినవాడు కమల్ అల్‌జాఫరీ. అదే 2009లో ఆయన ‘పోర్ట్ ఆఫ్ మెమొరీ’ తీశాడు. జాఫాలో ఒక కుటుంబం, ఇల్లు మీదేనని రుజువు చూపమంటారు, లేకపోతే ఖాళీ చెయ్యమంటారు. ఇంట్లోవాళ్లు చేతులు కడుక్కుంటారు, కూర్చుంటారు, ఎదురుచూస్తారు. 2015లో తీసిన ‘రికలెక్షన్’ ఇంకా ఆశ్చర్యం. జాఫా వీధుల్లో దశాబ్దాలుగా ఇజ్రాయెల్ సినిమాలు తీశారు. మెనహెమ్ గోలాన్ 1973లో తీసిన ‘కజబ్లాన్’ అనే పాటల సినిమాలో మొరాకో యూదు కుర్రాడి ప్రేమకు జాఫా రంగస్థలం. అదే గోలాన్ 1986లో చక్ నారిస్‌తో ‘ది డెల్టా ఫోర్స్’ తీసినప్పుడు జాఫా వీధులు బీరూట్ వేషం వేశాయి. అల్‌జాఫరీ అలాంటి సినిమాల ఫ్రేముల్లోంచి కథానాయకులను చెరిపేశాడు. వెనక ఎక్కడో అనుకోకుండా పడిన జాఫా మనుషులు, కూల్చక ముందరి ఇళ్లు, గోడలు మిగిలాయి. దాన్నే సినిమాగా చేశాడు.

‘అజమీ’కి వచ్చిన బహుమతుల సంగతి తొందరగా ముగిస్తాను. కేన్స్‌లో కెమెరా డోర్ ప్రత్యేక ప్రస్తావన, లండన్‌లో సదర్లాండ్ ట్రోఫీ. ఇజ్రాయెల్ ఓఫిర్ పురస్కారాల్లో ఆ ఏడు వెనిస్ గోల్డెన్ లయన్ గెలిచి వచ్చిన ‘లెబనాన్’ను దాటి ఉత్తమ చిత్రమైంది. అలా ఇజ్రాయెల్ తరఫున ఆస్కార్‌కు వెళ్లింది. ప్రధానంగా అరబిక్‌లో నడిచే సినిమా ఆ దేశం తరఫున వెళ్లడం అదే మొదలు. తుది ఐదింటిలో నిలిచింది. 2010 మార్చి 7న పురస్కారం అర్జెంటీనా సినిమాకు పోయింది.

ఆ రాత్రికి ముందు జరిగిన గొడవ మాత్రం మర్చిపోదగింది కాదు. నాకు ప్రాతినిధ్యం వహించని దేశానికి నేను ప్రాతినిధ్యం వహించలేను అన్న అర్థంలో కోప్తి టీవీలో మాట్లాడాడు. సాంస్కృతిక మంత్రి లిమోర్ లివ్నాత్ మండిపడ్డారు. ప్రభుత్వం డబ్బివ్వకపోతే ఆయన ఆ ఎర్ర తివాచీ మీద నడిచేవాడే కాదన్నారు. షానీ మాత్రం ఇది ఇజ్రాయెల్ సినిమాయే అన్నాడు. ఏడేళ్లు ఒక స్క్రిప్టు మీద, ఒక ఎడిటింగు బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ‘ఇది ఎవరి సినిమా’ అన్న ప్రశ్నకు రెండు జవాబులు చెప్పారు. దీన్ని చూపించి, చూశారా, కలిసి పనిచెయ్యడం అంతా భ్రమే అన్నవాళ్లు ఉన్నారు. నేనలా అనుకోను. ఆ ప్రశ్నకు ఒకే జవాబు దొరికేదాకా ఆగి ఉంటే సినిమా పుట్టేదే కాదు. జవాబులు వేరని తెలిసీ గ్యారేజీ దృశ్యం ఎక్కడ కోయాలో ఒప్పందానికి వచ్చారు. అభిప్రాయాలు కలవడం కన్నా ఆ ఒప్పందమే నాకు విలువైనదిగా తోస్తుంది. డబ్బిచ్చాం కాబట్టి నోరు మూసుకోవాలన్న వాదన ఏ ప్రభుత్వం చేసినా ఒకటే. మన దగ్గర చేసినా అంతే.

ఆ తర్వాత జాఫా ప్రశాంతంగా ఏమీ లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇళ్ల అమ్మకాల మీద రగిలిన కోపం వీధుల్లోకొచ్చింది. లోద్, ఆక్రే వంటి మిశ్రమ పట్నాల్లో ఇరుగుపొరుగులు ఒకరి ఇళ్ల మీద ఒకరు పడ్డారు. 2023 తర్వాతి సంగతులు మీరు రోజూ చదువుతున్నవే, గాజా మీద నేనిక్కడ కొత్తగా చెప్పగలిగింది లేదు. 1948లో జాఫా నుంచి పడవలెక్కినవాళ్ల మనవలూ మునిమనవలూ ఆ గాజాలో ఉన్నారన్నది మాత్రం గుర్తుచేస్తాను.

ఇద్దరు దర్శకులూ ‘అజమీ’ పద్ధతిని వదల్లేదు. షానీ 2019లో ‘చెయిన్డ్’ తీశాడు. అందులోనూ ఎరాన్ నయీమే పోలీసు. కోప్తి 2024లో ‘హ్యాపీ హాలిడేస్’ తీశాడు. హైఫాలో ఒక అరబ్బు కుటుంబం, ఒక యూదు కుటుంబం. మళ్లీ నటన ఎరుగని మనుషులు, మళ్లీ భాగాలుగా తిరిగి వచ్చే కథ. వెనిస్‌లో ఒరిజోంటి విభాగంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి వచ్చింది. ఈసారి తుపాకులు లేవు. ఇంట్లో ఆడపిల్లల మీద ఉండే కాపలా ఉంది, బళ్లో పిల్లలకు నూరిపోసే దేశభక్తి ఉంది. నేరం లేకుండా ఆ ఊపిరాడనితనాన్ని చూపించగలిగాడు కాబట్టి, ‘అజమీ’ మీద వచ్చిన పాత నిందకు అది జవాబే అనుకుంటున్నాను.

నిర్వాహకులకు ఒక మనవితో ముగిస్తాను. వచ్చే ఏడాది ప్రదర్శనల పట్టికలో ముందు ‘పోర్ట్ ఆఫ్ మెమొరీ’, తర్వాత ‘అజమీ’, చివర ‘హ్యాపీ హాలిడేస్’ ఈ వరుసలోనే వెయ్యండి. ఇంటి కథ తెలిశాక తుపాకి కథ చూడాలి. డబ్బింగ్ వద్దు. తెలుగు సబ్‌టైటిల్స్ మనమే రాసుకుందాం, అరబిక్ మాటలకు ఒక రంగు, హీబ్రూ మాటలకు ఇంకో రంగు పెట్టి. ఎవడు ఎప్పుడు ఎవరి భాషలోకి వెళ్లవలసి వస్తోందో మన ప్రేక్షకుడి కంటికి ఆనాలి. అరబిక్ వచ్చిన మిత్రులు పాతబస్తీలో దొరుకుతారు, హీబ్రూ వచ్చినవాళ్లు ఇజ్రాయెల్‌లో పనిచేసి తిరిగొచ్చిన మన జిల్లాల వాళ్లలోనే దొరుకుతారు. ‘అజమీ’ వరకు తెలుగు చేసే బాధ్యత నేను తీసుకుంటాను. సాయం చెయ్యదలచినవాళ్లు సభ ముగిశాక ఇక్కడే వేదిక దగ్గర కలవండి.